ఆటగాని వెల, జట్టు బలము



సాయంకాలము రచ్చబండమీద గాని, బస్సు ఆగుచోటనున్న టీ దుకాణము బల్లమీద గాని నలుగురు పడుచువారు కూడినచో పంటల మాట, ఎన్నికల మాట ఎంతసేపు వచ్చునో అంతసేపును ఆటగాండ్ర మాటయు వచ్చుచున్నది. ఈయేడు మనవారు ఎవరిని కొన్నారు, ఎవరిని వదలుకొన్నారు, వానికి అన్ని లక్షలు పోయుట తగునా, వీనిని విడిచిపెట్టుట తెలివియా, యని గొంతు చించుకొని వాదింతురు. ప్రక్కను కూర్చుండి వినుచున్న పెద్దలకు రెండు సందేహములు పొడముట సహజము. "ఓరి, మడిసికి ఏలంపాట ఏట్రా?" యని ఒక పెద్దమనిషి నన్నే అడిగెను. మరియొకరు, "జట్టుకు తెలుగు పేరు పెట్టిరి గదా, ఆడువారందరు హర్యానావారైనప్పుడు అది మన జట్టెట్లగును?" అనిరి. ఈ రెండు ప్రశ్నలును తోసివేయదగినవి కావు. పడుచువారిది మూడవ ప్రశ్న యొకటి కలదు. గొప్పవానిని గొప్ప వెలకు తెచ్చినంతమాత్రమున జట్టు గెలుచునా? ఈ మూటిని గురించి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఆట మీకు క్రొత్తది కాదు. మనము చిన్ననాట ఇసుకలోను, కోతలైన పొలములోను ఆడిన చెడుగుడే. దానినే ఇప్పుడు కబడ్డీ యందురు. 2014లో ప్రో కబడ్డీ యను పేర ఎనిమిది జట్లు ఏర్పడి పోటీలాడ నారంభించినవి. 2017 నుండి జట్లు పండ్రెండైనవి. అందొకటి తెలుగు టైటాన్సు. ఆరంభమున దీనికి సొంత మైదానము మన ప్రక్కనున్న విశాఖపట్టణమే. కావుననే విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల కుర్రవారికి ఆ జట్టుమీద అంతటి మమకారము. గోచీ బిగించి మట్టిలో ఆడిన ఆట ఇప్పుడు పరుపువంటి చాపమీదను, దీపముల వెలుగునను ఆడబడుచున్నది. కూతకు పోవువానిని రైడరనియు, పట్టువానిని డిఫెండరనియు పిలుచుచున్నారు. కూతకు ముప్పది సెకనులే గడువు. తక్కిన నీతి యంతయు పాతదే.

ఇక వేలము సంగతి. ప్రతి జట్టునకు ఆటగాండ్రపై పెట్టు సొమ్మునకు ఒక హద్దు కలదు. ఇటీవలి సంవత్సరములలో అది 5 కోట్ల రూపాయలు. ఆ సొమ్ములోనే కనీసము 18 మందిని, అత్యధికముగ 25 మందిని కూర్చుకొనవలెను. ధనవంతుడైన యజమాని తన యిచ్చవచ్చినంత గుమ్మరించి మంచివారినందరిని తానే లాగికొనకుండుటకు ఈ కట్టుబాటు చేసిరి. కొందరు పాత ఆటగాండ్రను జట్టువారు ముందుగనే నిలుపుకొనవచ్చును. మిగిలినవారు వేలములోనికి వత్తురు. ఆటగాని తరగతినిబట్టి మొదటి ధర యొకటి నిర్ణయింతురు. మొదటి తరగతివానికి అది 30 లక్షలు. అచ్చటనుండి జట్లవారు పాట పెంచుచు పోవుదురు.

ఇందొక చమత్కారము కలదు. మన పల్లెలలో ఒకడు పొలమమ్మదలచినప్పుడు గట్టు ప్రక్కవాడు, "ఊరివాడు ఎంత యిచ్చునో అంత నేనే యిచ్చెద, నాకే యిమ్ము" అని అడుగుట కలదు గదా. అట్లే ఒక ఆటగానికి పై జట్టు పాడిన కడపటి పాటను పాత జట్టువారు అంతే సొమ్ముతో సరిపుచ్చి అతనిని మరల తమవద్దనే యుంచుకొనవచ్చును. ఈ హక్కును ఎవరిమీద వాడవలెను, ఎవరిమీద వాడకూడదు అనునదే రచ్చబండ వాదములలో సగము.

మరి ఇది మనుష్యుని అమ్ముట కాదా? సంతలో ఎద్దును అమ్మినప్పుడు సొమ్ము ఎద్దునకు పోదు, రైతుకు పోవును. ఇచ్చట పాడిన సొమ్ము ఆటగానికే చేరును. వాడు తన పేరు తానే ఇచ్చి వేలమునకు వచ్చును. అమ్ముడగునది వాని ఒక కాలపు సేవ, వాని ఒడలు కాదు. వ్యవసాయపు కూలి రేటు నలుగురి యెదుట పలికినట్లే ఇదియు. అయినను మనుష్యుని ముఖము తెరమీద చూపి సుత్తితో బల్ల కొట్టుట చూడ ముచ్చటయైన పనియని నేననను. మాట వేలము, పని జీతపు బేరము. పేరు మార్చినచో సగము రోత తగ్గును.

వేలములు లేని కాలమున గొప్ప ఆటగాండ్రు ఎట్లు జట్లలోనికి వచ్చెడివారో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. విజయనగరపు రాజకుటుంబమున 1905లో పుట్టిన పూసపాటి విజయానంద గజపతిరాజుగారు, లోకము విజ్జీ యని పిలిచిన ఆయన, ఒక క్రికెట్టు జట్టును తన సొంత సొమ్ముతో పోషించెను. ఆయన కాశిలో తన భవనపు ఆవరణలోనే మైదానము చేయించెను. 1930-31లో ఇంగ్లండునుండి మన దేశమునకు రావలసిన యెం.సి.సి. జట్టు, ఇచ్చట శాసనోల్లంఘనోద్యమము సాగుచుండుటచే ప్రయాణము మానుకొనెను. ఆ లోటు తీర్చుటకు విజ్జీగారు తానే ఒక జట్టు కట్టి ఇండియాలోను సింహళములోను త్రిప్పెను. అందు ఆడుటకు ఇంగ్లండునుండి ఇరువురిని పిలిపించెను. ఒకరు జాక్ హాబ్సు, రెండవవారు హెర్బర్టు సట్క్లిఫు. ఆ రోజులలో ఆట ఆరంభించు జోడుగ ప్రపంచమున వీరికి సాటి లేరు. హాబ్సుకు అప్పటికి 48 ఏండ్లు. అయినను ఆ పేరు వినినంతనే జనము మూగెడివారు. తరువాత కొన్ని యేండ్లకు వెస్టిండీసు దీవుల వీరుడు లియరీ కాన్స్టంటైనును కూడ విజ్జీగారు రప్పించెను.

అది వేలము కాదు, రాజుగారి సంచి. ఇతరులు పాట పెంచుటకు వీలులేదు. సొమ్మునకు హద్దును లేదు. అయినను ఒక మేలు జరిగినది. ఆ జట్టులో సి. కె. నాయుడు, దేవధర్ వంటి మనదేశపు మేటులు ఆ దొరల సరసను ఆడిరి. ముష్తాక్ అలీ యను పదునారేండ్ల కుర్రవాడు వారి ఆటను దగ్గరనుండి చూచి నేర్చుకొనెను. పైవానిని తెచ్చుటవలన ఇంటివాడు నేర్చుకొనెనా లేదా యను ప్రశ్న నేటి కొనుగోళ్లను గురించియు అడుగదగినదే. మన పడుచువారు దానిని అడుగుట నేను వినలేదు.

వేలమును లేక, రాజుగారును లేక, ఎద్దుకు ఎద్దును మారకమిచ్చు పద్ధతి యొకటి అమెరికాలో కలదు. అచ్చటివారికి బాస్కెటుబాలు మీద మిక్కిలి పిచ్చి. ప్రక్కకు అయిదుగురు నిలిచి, పది అడుగుల యెత్తునున్న వల బుట్టలో బంతిని వేయు ఆట యది. మన ఉన్నత పాఠశాలలలోను మీరు చూచియుందురు. డాలసు నగరపు జట్టులో స్లొవీనియా దేశమునుండి వచ్చిన లూకా డాంచిచ్ అను యువకుడు ప్రాణమువంటివాడు. 2024లో ఆ జట్టు కడపటి పోటీవరకు పోయినది. 2025 ఫిబ్రవరి ఆరంభమున ఒక రాత్రివేళ, అతనిని లాస్ ఏంజిలిస్ జట్టునకిచ్చి, బదులుగ ముప్పది దాటిన ఆంటొనీ డేవిసు మొదలగువారిని తీసికొన్నట్లు వార్త వెలువడెను. డాంచిచ్‌కు అప్పటికి 25 ఏండ్లు. ఊరు ఊరంతయు దుఃఖించినది. అభిమానులు స్టేడియము ముంగిట చేరి జట్టు మేనేజరును తీసివేయుడని కేకలు వేసిరి. ఆ నవంబరులో అతనిని తీసియే వేసిరి. చూచితిరా, అచ్చట మారకమునకు సామాన్యముగ ఆటగాని సమ్మతి యడుగరు. జీతము వానిదే గాని నివాసము వాని చేతిలో లేదు. మన వేలముకన్న అది పెద్దమనుష్యుల పద్ధతియని నేననుకొనను. వేలములో కనీసము వాని వెల వానికి వినబడును.

రెండవ సందేహమునకు వత్తము. పై రాష్ట్రపువాడు మన జట్టువాడగునా? సంక్రాంతి పోటీలలో మన గ్రామములవారే చేయు పని చూడుడు. పొరుగూరి గట్టి కూతగానిని దారిబత్తెమిచ్చి, భోజనము పెట్టి తెచ్చుకొందురు. గెలిచినంతసేపు "మనోడే" యందురు. ఓడిన క్షణమున వాడు పైయూరివాడగును! తెలుగు టైటాన్సులో 2014 మొదలు 2018 వరకు ఆడిన రాహుల్ చౌదరి ఉత్తర ప్రదేశములోని బిజ్నోరు జిల్లావాడు. అయినను ఆ కాలమున మన పిల్లలు చెడుగుడు ఆడునప్పుడు "నేను రాహుల్" అనుకొనియే కూతకు పోయిరి. 2019లో జట్టువారు అతనిని వదలుకొనిరి. అతడు 94 లక్షలకు తమిళ తలైవాస్ జట్టునకు పోయెను. టైటాన్సువారు 1 కోటి 45 లక్షలు పెట్టి సిద్ధార్థ దేశాయిని తెచ్చిరి. అప్పుడు జరిగిన వాదములో సగము ఆటను గురించినది కాదు. ఇంటిలో అయిదేండ్లున్నవానిని వాకిట నిలిపినట్లు తోచుటను గురించినది. ఆ యేడు దేశాయి బాగుగనే ఆడెను గాని జట్టు అడుగు వరుసలోనే నిలిచెను.

సి. కె. నాయుడుగారి సంగతి ఇంకను చిత్రము. ఆయన తెలుగువాడు. కొఠారి కనకయ్య నాయుడు ఆయన నిండు పేరు. కాని పుట్టినది 1895లో నాగపురమున. పేరు గడించినది ఇందూరు హోల్కరుల జట్టులో. 1932లో ఇంగ్లండున భారతదేశపు మొదటి టెస్టు ఆటకు నాయకుడైనది ఆయనయే. 1953-54లో ఆంధ్రవారు రంజీ పోటీలో తొలిసారి దిగినప్పుడు ఆయన, 58 ఏండ్ల వయస్సున, ఆంధ్ర పక్షమున ఆడెను. మరి ఆయన ఆంధ్రకు ఇంటివాడా, పైవాడా? ఆ తరువాత ఉత్తర ప్రదేశమునకును ఆడెను. పుట్టిన ఊరినిబట్టి జట్టును లెక్కించుట మొదలుపెట్టినచో మన గొప్పవారిలో చాలమందిని మనమే పోగొట్టుకొందుము.

ఇంతమాత్రముచేత పెద్దల ప్రశ్న వట్టిదని నేననను. మన మూడు జిల్లాలలో చెడుగుడు ఆడని ఊరు లేదు. అయినను టైటాన్సులో తెలుగువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. పైవానిని తెచ్చుట తప్పు కాదు, ఇంటివానిని వెదకకుండుట తప్పు. క్రొత్త కుర్రవారిని తక్కువ జీతమునకు చేర్చుకొని తరిఫీదు చేయుటకు ప్రో కబడ్డీ నియమములలోనే ప్రత్యేకముగ చోటు కలదు. దానిని మనవారికి ఎంతవరకు వాడిరి అనునది కోట్ల లెక్కకన్న గట్టిగ అడుగవలసిన లెక్క.

ఇక మూడవది, అసలు చిక్కు. వీరఘట్టములో పుట్టి విజయనగరమున వ్యాయామము నేర్పిన కోడి రామమూర్తినాయుడుగారు మోటారు కార్లను త్రాళ్లతో పట్టి ఆపెడివారని మీరు మీ తండ్రులవలన వినియుందురు. అట్టి బలశాలిని ఒక్కనిని చెడుగుడు బరిలో దింపి, ప్రక్కను ఆరుగురు నేర్పులేనివారిని నిలిపినచో ఏమగును? ఆయన కూతకు పోయి ముగ్గురిని కొట్టి వచ్చును. మరుసటి కూతలో నలుగురు కూడి పట్టుకొందురు. ఆయన బయట కూర్చుండును. చెడుగుడులోని కీలకము ఇదియే. పట్టుబడినవాడు తనంతట తాను లేవలేడు. తన జట్టువాడెవడైనను ఎదుటివానిని ఔటు చేసినప్పుడే వానికి ప్రాణము వచ్చును. కావున గొప్పవాడు బరిలో నుండుట తక్కిన ఆరుగురి చేతిలో నున్నది. వారు ఎదుటివానిని పట్టలేనిచో, కోటి రూపాయల ఆటగాడు బెంచిమీద కూర్చుండి చెమట తుడుచుకొనుచుండును.

పవన్ సెహ్రావత్ చరిత్ర దీనికి మంచి తార్కాణము. ఇతడు ఢిల్లీ ప్రాంతమువాడు. నేర్పరియనుటకు సందేహము లేదు. 2019 జనవరిలో జరిగిన కడపటి పోటీలో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగుళూరు జట్టునకు విజయము కూర్చెను. 2023 ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచిన భారత జట్టునకు నాయకుడు. 2022లో తమిళ తలైవాస్‌వారు ఇతనిని 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ యేడంతయు ఆడలేకపోయెను. జట్టు మునిగినదని అందరు తలచిరి. చిత్రమేమనగా, అంతకుముందు ఎన్నడును ఆ మెట్టెక్కని తలైవాస్ ఆ యేడే సెమీఫైనలు చేరెను! కుర్రవారు తలా ఒక చేయి వేసిరి.

మరుసటి వేలములో, అనగా 2023లో, మన తెలుగు టైటాన్సువారు ఇతనిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు పాడుకొనిరి. ఆ పోటీల చరిత్రలో అంతవరకు అంత వెల పలికినవాడు లేడు. విశాఖనుండి ఇచ్ఛాపురమువరకు కుర్రవారికి పండుగ. కాని లెక్క చూడుడు. 5 కోట్లలో ఆ సొమ్ము పోగా మిగిలినది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. తక్కువలో తక్కువ 17 మందికి పంచవలెను. తలకు సుమారు 14 లక్షలు. మొదటి తరగతివాని ఆరంభపు ధరకు అది సగము కూడ లేదు. ఇంటికి సింహద్వారము చెక్కించి గోడలకు సొమ్ము చాలక దడి కట్టినట్లయినది. ఆ యేడు 22 ఆటలలో టైటాన్సు గెలిచినవి రెండే. పవన్ ఆడలేదా యనిన, ఆడెను. జట్టులో అందరికంటె ఎక్కువ పాయింట్లు అతనివే. పట్టువారు బలహీనులైనందున అతడు తెచ్చిన పాయింట్లు ఒక చేత వచ్చి మరొక చేత పోయినవి.

ఈ యోటమికి పడుచువారిలో కొందరు పవన్‌ను తిట్టిరి. అది న్యాయము కాదు. వెల పాడినది అతడు కాదు. 2024 వేలములో టైటాన్సువారు నేను ముందు చెప్పిన హక్కును వాడి, 1 కోటి 72 లక్షల 50 వేలకు అతనిని మరల నిలుపుకొనిరి. వెల తగ్గినది, మిగిలినవారికి సొమ్ము చిక్కినది. క్రొత్త శిక్షకుడును వచ్చెను. ఆ యేడు 22లో 12 ఆటలు గెలిచిరి. నడుమ పవన్‌కు దెబ్బ తగిలినప్పుడు విజయ్ మాలిక్ అను ఆటగాడు భారము మోసెను. అయినను పై మెట్టు కొద్దిలో తప్పిపోయినది.

ఎవరిని ఆడించవలెను, ఎవరిని ఇంటికి పంపవలెను అను తీర్పు సొమ్ముకన్న కష్టమైనదనుటకు మన విజ్జీగారి కథలోనే రెండవ భాగము కలదు. హాబ్సును తెచ్చినప్పుడు ఆయనను మెచ్చినవారే 1936లో ఆయన భారతదేశపు జట్టునకు నాయకుడై ఇంగ్లండునకు పోయినప్పుడు నొసలు చిట్లించిరి. ఆటలో ఆయనకంటె మిన్నలైన నాయుడుగారు ఆ జట్టులోనే యుండిరి. మొదటి టెస్టునకు ముందే, ఆ పర్యటనలో చక్కగ ఆడుచున్న లాలా అమరనాథును క్రమశిక్షణ పేర ఓడ యెక్కించి ఇంటికి పంపివేసిరి. మూడు టెస్టులలో నాయకుడు తాను చేసిన పరుగులు మొత్తము 33. రెండు ఆటలు ఓడిపోయిరి. అయితే ఆ పర్యటనలోనే, పూర్వము విజ్జీగారి జట్టులో నేర్చుకొనిన ముష్తాక్ అలీ, విజయ్ మర్చంటుతో కలసి మాంచెస్టరులో మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసెను. సంచి విప్పిన చేయియు, జట్టును చెదరగొట్టిన చేయియు ఒక్కటే. విజ్జీగారిని గురించి పూర్తిగ మెచ్చుకొనువారిని గాని, పూర్తిగ తెగడువారిని గాని నేను నమ్మను.

2025 మే నెల కడపట ముంబయిలో మరల వేలము జరిగెను. ఈమారు పవన్ 2023నాటి వెలలో పావువంతు కూడ పలుకలేదు. 59 లక్షల 50 వేలకు తమిళ తలైవాస్ తీసికొనిరి. టైటాన్సువారు అతనిని వదలిపెట్టిరి. అదే వేలములో విజయ్ మాలిక్‌ను 51 లక్షల 50 వేలకు నిలుపుకొని, భరత్ హుడా అను క్రొత్తవానిని 81 లక్షలకు తెచ్చిరి. ఇద్దరికిని కలిపి 1 కోటి 32 లక్షల 50 వేలు. క్రిందటి యేడు పవన్ ఒక్కనికి ఇచ్చినదానికంటె 40 లక్షలు తక్కువ. అప్పుడు మా వీధిలో జరిగిన రభస మీరు వినవలసినది. "పవన్ ఉంటే గెలిచీవోళ్లం, పిసినారితనం చేసేరు" అని ఒకడు. "ఉన్నప్పుడేటి గెలిచేం?" అని మరియొకడు. పళ్లు కొరికికొనుట తప్ప చేయి చేసికొనలేదు, అంతవరకు మేలు.

ఆగస్టు 29వ తేదీని ఆ యేటి మొదటి ఆట విశాఖపట్టణముననే జరిగెను. ఎదుటి పక్షము తమిళ తలైవాస్. క్రిందటి యేటి మన నాయకుడు మన బరిలోనికే ఎదుటివాడై కూతకు వచ్చెను. 38 - 35 తేడాతో తలైవాస్ గెలిచిరి. మొదటి కుర్రవానికి ఆ రాత్రి నిద్ర పట్టియుండదు, సంతోషముచేతనో దుఃఖముచేతనో చెప్పజాలను. కాని కాలము గడచినకొలది విజయ్ మాలిక్ నాయకత్వమున టైటాన్సు ఒక్కొక మెట్టెక్కిరి. భరత్ కూతకు పోయిన, పట్టుకు మరియొకడు నిలిచెను. ఒకడు ఔటైన మరియొకడు లేపెను. కడపటి పోటీకి ఒక్క ఆట దూరము వరకు వచ్చి, పుణె జట్టు చేతిలో 50 - 45 తేడాతో ఓడిరి.

రెండవ కుర్రవాడు ఇప్పుడు తానే గెలిచితినని చెప్పుకొనుచున్నాడు. మొదటివాడు ఒప్పుకొనుట లేదు. పవన్ కూడ ఉన్నచో ఆ అయిదు పాయింట్లు వచ్చియుండెడివని వాని వాదము.